ఇరవై అడుగుల ఆముదపు బండి

చింతలదుర్గం అనే ఒకానొక రాజ్యంలో ఆ ఏడు వేసవిలో జనం కూర్చోవడం మరిచిపోయారు. నిలబడేవారు, పచార్లు చేసేవారు, మిద్దెలెక్కి తూర్పు వీధి వైపు చూసేవారు. ఎక్కడ కాస్త పొగ లేచినా, "వచ్చిందా? వచ్చేసిందా?" అంటూ వీధి వీధంతా కదిలేది. తీరా చూస్తే ఎవరింట్లోనో పచ్చికట్టెలు అంటుకోక పొగలు చిమ్ముతూ ఉండేవి.

వాళ్ళంతా ఎదురుచూస్తున్నది ఆముదంతో నడిచే బండి కోసం.

తూర్పు వీధిలో వీరోజు అని ఒక కమ్మరి ఉండేవాడు. ఆరేళ్ళు కష్టపడి అతడు ఒక యంత్రం చేశాడు. రాగి కాగు కింద ఆముదం మంట, కాగులో నీళ్ళు. నీళ్ళు మరిగి ఆవిరయితే, ఆ ఆవిరి ఒక ఇనుప కడ్డీని ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. దాన్ని ఒక పాత బండికి బిగించి మంట పెడితే, ఎద్దులు లేకుండానే ఆ బండి ఇరవై అడుగులు నడిచింది. ఒక కుండెడు ఆముదం తాగి, బుస్సుమని నిట్టూర్చి ఆగిపోయింది. వీరోజు అక్కడే నేల మీద చతికిలబడి సంతోషంతో ఏడ్చాడు.

మర్నాడు సభకు వచ్చి ఉన్నది ఉన్నట్టు రాజుగారికి విన్నవించాడు.

రాజు పేరు ఉద్దండరాయలు. మనసు చెడ్డది కాదు కానీ ఆడంబరం మెండు. భోజనానికి కూర్చునే ముందు బిరుదులన్నీ చదివించుకునేవాడు. ముప్ఫై రెండు బిరుదులూ పూర్తయ్యేసరికి చారు చల్లారిపోయేది. చల్లారిన చారే రాచమర్యాద అనుకుని తాగేవాడు.

"ఎద్దులు లేని బండి! మా ఏలుబడిలో!" అని ఆయన సింహాసనం మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. "పొరుగు రాజులు ఈర్ష్యతో కుమిలిపోవాలి. ఘోషభట్టూ! వెంటనే చాటింపు వేయించు."

ఘోషభట్టు రాజ్యంలోని దండోరాలన్నింటికీ అధికారి. అతడి కింద నూరు డప్పులు ఉండేవి. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నోరు చాలు, డప్పు దేనికి అనేది అతడి సిద్ధాంతం.

అందుచేత మొదటి రోజు చాటింపులోనే ఇరవై అడుగులు ఇరవై ఆమడలయ్యాయి. రెండో రోజు ఆ బండికి ఆముదరథమని పేరు వచ్చింది. మూడో రోజు అది కొండలెక్కింది. నాలుగో రోజు ఏరు దాటింది. వారం తిరిగేసరికి, యజమాని చప్పట్లు కొడితే ఇంటి ముందుకు వచ్చి నిలబడుతుందని కూడా చాటారు.

"అయ్యా, నా బండి ఇంకా ఇరవై ఒకటో అడుగు వేయలేదండీ!" అని వీరోజు మొత్తుకున్నాడు.

"నీ పని నువ్వు చెయ్యి నాయనా, నా పని నన్ను చెయ్యనీ. జనం సంతోషిస్తున్నారు. వాళ్ళ సంతోషం చెడగొడతావా?" అన్నాడు ఘోషభట్టు.

జనం సంతోషించడంతో ఆగలేదు. కాశీకి బయలుదేరిన ముసలాయన ఒకడు మూట విప్పేసి, ఆముదరథం వచ్చాకే పోతానని అరుగు మీద తిష్ఠ వేశాడు. ఒక పెళ్ళివారు ఎడ్లబండి ఎక్కడం నామోషీ అనుకుని ముహూర్తమే మార్చుకున్నారు. జొన్న చల్లవలసిన చేలకు ఆముదం విత్తనాలు సిద్ధం చేసుకున్న రైతులైతే లెక్కలేదు. ఇక ఎద్దుల సంగతి చెప్పనక్కరలేదు. రేపు పనికిరాని జంతువుకు ఇవాళ గడ్డి ఎందుకు దండగ? సరిహద్దు అవతలి పశువుల బేహారులు ఈ కబురు విని గుంపులుగా దిగారు. కోట వాకిలి దగ్గర తాళ్ళు పట్టుకుని నిలబడి, వచ్చిన జతను వచ్చినట్టు అగ్గువకు తోలుకుపోసాగారు.

జనం సందడి చూసి రాజుగారికి ఇంకా ఉత్సాహం వచ్చింది. నిండు సభలో మూడు శాసనాలు వేశాడు. ఏరువాక పున్నమి నాడు తాను ఆముదరథం మీద ఊరేగుతాడు. ఆ రోజు నుంచి రాజ్యంలో కాడికి ఎద్దును కట్టినవాడికి శిక్ష. ఈలోగా రథం మీద అనుమానం వెలిబుచ్చినవాడి నాలుక మీద వాత.

"ప్రభూ, పున్నమి నాటికి బండి కదలకపోతే?" అని వీరోజు అడిగాడు.

"మా మాట పోయినట్టే కదా! మా మాట పోగొట్టిన చేతులు రెండూ పోతాయి."

పున్నమికి పన్నెండు రోజులే ఉన్నాయి.

ఆ సభలో ముద్దన అని ఒక ఉద్యోగి ఉండేవాడు. కోటలో రాజుగారి నగరు పశుశాలలకు అధికారి. నలభై జతల ఎద్దులు అతడి అజమాయిషీలో ఉండేవి. మాటకారి, చమత్కారి. రాజుగారిని నవ్వించగలడు గనుక ఆయన అతణ్ణి దగ్గర ఉంచుకునేవాడు. ఆ రోజు మాత్రం ముద్దనకు చమత్కారం తోచలేదు. సభ ముగిశాక కాలు నిలవక కోట వాకిలి దాకా నడుచుకుంటూ వెళ్ళాడు.

అక్కడ సుంకమ్మ అనే రైతు తన జతను బేహారికి అప్పగిస్తూ కనిపించింది. ఒకటి నల్లది, ఒకటి నుదుట మచ్చది. పలుపులు చేతులు మారినా ఎద్దులు ఆమె కొంగు వదలడం లేదు.

"ఎందుకమ్మా అమ్ముతున్నావు? మబ్బులు పడుతున్నాయి. పది రోజుల్లో దున్నాలి కదా!" అన్నాడు ముద్దన.

"ఆముదం బండి దున్నుతాదంట కద సామీ."

"దున్నుతుందని చాటింపులో చెప్పారా?"

సుంకమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "చాటింపులో చెప్పలేదు సామీ. చాటింపు విన్నాయన చెప్పినాడు."

 రెండడుగుల దూరంలో రాజభటులు చెవులు రిక్కించి నిలబడి ఉన్నారు. "పున్నమి దాకా ఆగరాదూ?" అని మాత్రం అన్నాడు ముద్దన.

"ఆగితే ఇది కూడా రాదంట." ఆమె చేతిలోని జొన్నల మూట చూపించింది. రెండెద్దులకు నాలుగు కుంచాల జొన్నలు. "నల్లోడు నా చేతి ముద్ద తినందే కాడి కింద తల పెట్టడు సామీ. ఆ మాట కొన్నాయనకు చెప్పినా. విన్నాడో లేదో."

ఎద్దులు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆమె కదలలేదు. ముద్దన మాత్రం అక్కడ నిలబడలేకపోయాడు. తిన్నగా వీరోజు కొలిమికి వెళ్ళాడు. వీరోజు యంత్రం ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇనుము నా మాట వింటుంది అయ్యగారూ, కాస్త ఆలస్యంగానైనా వింటుంది. ఈ చాటింపు వినదు. బండి బరువు ఎక్కువ. ఈ ఆవిరికి అంత బలం లేదు. ఇంకా కొన్నేళ్ళు పడుతుంది," అన్నాడతడు.

"బండిని లాగలేదు సరే. నిలబడ్డచోట నుంచి ఏదైనా లాగగలదా?"

వీరోజు తలెత్తాడు. చాలా రోజుల తర్వాత అతణ్ణి ఒకరు యంత్రం గురించి నిజమైన ప్రశ్న అడిగారు. "చక్రాన్ని నేలకు బిగించి, తాడు చుడితే... బావిలోంచి తోలుబాన లాగుతుందేమో. చెప్పలేను. ఎప్పుడూ చూడలేదు."

"అయితే బండి నుంచి విప్పడం మొదలుపెట్టు," అని ముద్దన లేచాడు.

మర్నాడు సభలో అతడు ఘోషభట్టును మించిపోయాడు. ఆముదరథాన్ని ఆకాశానికెత్తాడు. పొరుగు రాజులు అసూయతో మంచం పట్టారన్నాడు. రాజుగారి మీసం దానంతటదే పైకి లేచింది.

"అయితే ఒక్కటే లోటు ప్రభూ. జనమంతా మీ మాట నమ్మి ఎద్దులు అమ్ముకున్నారు. నగరులో మాత్రం నలభై జతలు ఇంకా గడ్డి మేస్తున్నాయి. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? రథం మీద రాజుగారికే గురి లేదేమో అనుకోరూ?"

"ఎవడా అన్నది?" అని రాజు గర్జించాడు.

"ఎవరూ అనలేదు ప్రభూ, నాలుకల మీద ప్రేమ కొద్దీ. ప్రభువు పున్నమి దాకా ఆగడమెందుకు? ఇవాళ్టి నుంచే నగరులో ఎద్దుతో జరిగే పనులన్నీ ఆపించండి. ఏలినవారు ముందు నడిస్తేనే కదా ఏలుబడిలోని వారు వెనక నడిచేది."

రాజుకు ఆ మాట తేనెలా తోచింది. "ఆపించు! ఒక్క ఎద్దు కూడా కోటలో ఉండరాదు."

"ఏ పనికీ వద్దా ప్రభూ?"

"ఏ పనికీ వద్దు!"

ముద్దన ఆ మాటనే తాటాకు మీద రాయించి రాజముద్ర వేయించుకున్నాడు. సాయంత్రం లోపల ఎనభై ఎద్దులూ మెడగంటలు మోగించుకుంటూ కోట దిగిపోయాయి.

తెల్లవారితే శనివారం. రాజుగారి తలంటు రోజు.

పరిచారకులు ఆయనను పీట మీద కూర్చోబెట్టి నువ్వులనూనె పట్టించారు. అరగంట సేపు మర్దనా చేశారు. ఆ పైన సున్నిపిండి కలిపి నెత్తి నుంచి కాళ్ళ దాకా పూశారు. రాజు కళ్ళు మూసుకుని, "ఊఁ, నీళ్ళు!" అన్నాడు.

నీళ్ళు రాలేదు.

"నీళ్ళు!" అన్నాడు మళ్ళీ.  చింతలదుర్గం కోట కొండ మీద ఉంది. అక్కడి బావి ఇరవై బారల లోతు. నాలుగు జతల ఎద్దులు మోట తోలితేనే తొట్టి నిండేది. తొట్టిలో మిగిలిన నీళ్ళు కాస్తా వంటింటికీ ఏనుగులకూ సరిపోయాయి. ఇప్పుడు అడుగున తడి తప్ప ఏమీ లేదు.

ముద్దన వినయంగా వచ్చి నిలబడ్డాడు. "వస్తున్నాయి ప్రభూ. ఎద్దులతో పని లేకుండా వీరోజు యంత్రమే తోడుతుంది. తమ ఆజ్ఞ ప్రకారమే ఏర్పాటు జరుగుతోంది."

"ఎంతసేపు?"

"ఆ సంగతి చెప్పవలసినవారు చెబితేనే అందం," అని ముద్దన ఘోషభట్టును పిలిపించాడు. "అయ్యా, ప్రభువు నీళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. తమ కంఠంతో నాలుగు ముక్కలు వినిపించండి."

ఘోషభట్టుకు ఇంకేం కావాలి? డప్పు మోగింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా! చల్లని నీరు, తియ్యని నీరు, గంగమ్మ తల్లి వంటి నీరు, ఎద్దు తాకని నీరు, ఇదిగో వచ్చుచున్నది! వచ్చేసినట్టే!"

రాజుగారి మొహం వికసించింది. చెవులు రిక్కించి కూర్చున్నాడు. కాసేపటికి ఎండ కాస్త ఎక్కింది. సున్నిపిండి ఆరడం మొదలైంది. ముందు మోచేతుల దగ్గర బిగిసింది. తర్వాత వీపు. ఆ తర్వాత కనుబొమలు. ఎక్కడ గోకాలో తెలియక ఆయన పీట మీద అటూ ఇటూ మెదలసాగాడు.

"ఏదయ్యా?"

డప్పు మళ్ళీ మోగింది. "నూరు బానల నీరు! వేయి బానల నీరు! గులాబీ పూల పరిమళముతో..."

ఈగలు వచ్చాయి. రాజు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి నాలుగడుగులు నడిచాడు. నడిచిన మేరా పిండి రాలింది.

"పదిమంది మనుషులను పెట్టి బాన లాగించండిరా!" అని అరిచాడు.

"లాగించవచ్చు ప్రభూ," అన్నాడు ముద్దన చేతులు కట్టుకుని. "కాకపోతే ఊళ్ళో ఏమంటారు? ఎద్దులను పంపేసి మనుషులను ఎద్దులు చేశారంటారు. యంత్రం మీద ప్రభువుకే అనుమానం కలిగిందంటారు. శాసనం ఉంది కదా."

రాజు పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కూర్చున్నాడు. వీపు మధ్య దురద పుట్టింది. చెయ్యి అందలేదు. సరిగ్గా అప్పుడే ఘోషభట్టు గొంతు సవరించుకుని, "ఏడు సముద్రముల నీరు..." అని ఎత్తుకున్నాడు.

"చాలు!" రాజు పీట తన్నేసి లేచాడు. "ఒళ్ళంతా మండిపోతుంటే వీడి గోలేమిటి? మాకు నీళ్ళు కావాలి, నీళ్ళ కబురు కాదు! అసలు నీళ్ళు వస్తాయా, రావా?"

 డప్పు మీది చెయ్యి డప్పు మీదే ఉండిపోయింది.

ముద్దన నేలకు వంగి నమస్కరించాడు. "ప్రభూ, వస్తుందా రాదా అని రాజ్యంలో మొదటిసారి పైకి అడిగినవారు తమరే. వాత పెట్టే కడ్డీ ఎర్రగా కాలి సిద్ధంగా ఉంది. తలారిని పిలవమంటారా, శాసనాన్ని మార్చమంటారా?"

రాజు కళ్ళెర్రజేశాడు. పిండి పట్టిన మొహంలో ఆ కళ్ళు రెండే కనిపించాయి.

ముద్దన గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. "తమరు ఓపిక పట్టింది ఒక్క జాము కూడా కాలేదు ప్రభూ. మీ జనం నెల రోజులుగా ఇలాగే ఎదురుచూస్తున్నారు. మీ మాట అని నమ్మి ఎద్దులు అమ్ముకున్నారు. రేపో మాపో వాన పడుతుంది. దున్నడానికి దిక్కు లేదు. అనుమానం ఉంది, అడగడానికి నాలుక లేదు. వీరోజు తమకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఇరవై అడుగులే అన్నాడు. మిగతా దూరమంతా డప్పు నడిచింది. పోయేవి మాత్రం వీరోజు చేతులట."

 రాజు నుదుటి మీది పిండి పెళ్ళ ఒకటి ఊడి ముక్కు మీదుగా జారి పీట పక్కన పడింది. ఆయన దాన్ని చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. మూతి వంకర పోయింది. ఆపుకుందామనుకున్నాడు కానీ నవ్వు ఆగలేదు. నవ్విన కొద్దీ బుగ్గల మీది పిండి పగిలి రాలింది. అది చూసి పరిచారకులు నవ్వారు. వాళ్ళను చూసి ఆయన మరీ నవ్వాడు.

"ముద్దనా, నీ తెలివి తగలెయ్య! ఇంతకీ నీళ్ళు ఉన్నాయా లేవా?"

"నిజంగా తెలియదు ప్రభూ. వీరోజుకూ తెలియదు. వచ్చి చూడండి."

అంగవస్త్రం చుట్టుకుని రాజు బావి దగ్గరికి నడిచాడు. అక్కడ వీరోజు తన యంత్రాన్ని నేలకు బిగించి, మసి మొహంతో మంట ఎగదోస్తున్నాడు. చక్రం కదిలింది. తాడు బిగుసుకుంది. బాన సగం దూరం వచ్చి సర్రున జారిపోయింది. అందరి గుండెలూ దానితోపాటు జారాయి. వీరోజు ఏదో మేకు బిగించి, ఇంకో గరిటెడు ఆముదం పోశాడు. యంత్రం దగ్గింది, మూలిగింది, ఒక్కొక్క అడుగే తాడును చుట్టుకుంది. ఊపిరి బిగబట్టి చూస్తుండగా తోలుబాన అంచు బావి పైకి వచ్చింది. దారిలో సగం నీళ్ళు కారిపోయినా సగం మిగిలాయి.

రాజు ఆ నీళ్ళను అక్కడే నెత్తిన గుమ్మరించుకున్నాడు. ముప్ఫై రెండు బిరుదులు విన్నప్పుడు కూడా ఆయన మొహంలో అంత తృప్తి ఎవరూ చూడలేదు.

"ఎన్ని బానలు తోడుతుంది వీరోజూ?"

"ఇదే మొదటిది ప్రభూ. రెండోది వస్తుందో రాదో చెప్పలేను."

మధ్యాహ్నానికి మూడు వచ్చాయి. నాలుగోదానికి కడ్డీ వంగింది.

ఆ పూటే శాసనాలు మూడూ రద్దయ్యాయి. వీరోజుకు కొలిమి పక్కనే పెద్ద సాల కట్టించి, పదేళ్ళ దాకా ఎవరూ అతణ్ణి గడువు అడగకూడదని రాజు ఉత్తరువు ఇచ్చాడు. గుర్రపు రౌతులు సరిహద్దుకు పరుగెత్తారు. పోయిన ఎద్దుల్లో దొరికినవి దొరికాయి, దొరకనివి దొరకలేదు. సుంకమ్మకు నల్లది దొరికింది, మచ్చది దొరకలేదు.

"మా నగరు ఎద్దులేవి ముద్దనా? వాటిలోంచి ఒకటి ఆమెకు ఇప్పించు," అన్నాడు రాజు.

"అవి కోట దిగిన నాటి నుంచే పొలాల్లో ఉన్నాయి ప్రభూ. ఎద్దులు అమ్ముకున్నవారి చేలు వంతులవారీగా దున్నుతున్నాయి. ఒక్క ఎద్దు కూడా కోటలో ఉండరాదని తమరే సెలవిచ్చారు."

ఇక ఘోషభట్టును, తాను డప్పు కొట్టించిన ప్రతి ఊరికీ కాలినడకన వెళ్ళి "బండి నడిచింది ఇరవై అడుగులు, యంత్రం తోడింది మూడు బానలు" అని చెప్పి రమ్మన్నారు. పాపం, అతడు మొదటి ఊళ్ళోనే "మూడు వందల..." అని నోరు జారి, వెంట ఉన్న భటుణ్ణి చూసి దగ్గాడట.

ఏరువాక పున్నమి నాటికి చేలు చాలావరకు దుక్కి దున్ని ఉన్నాయి. ఆ రోజు సభలో రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి పైకెత్తి పట్టుకున్నాడు.

"ముద్దన తెలివికి మెచ్చి ఈ హారాన్ని బహూకరిస్తున్నాం! ఈ వార్త నాలుగు దిక్కులా మారుమోగాలి. ఎవరక్కడ, డప్పులు తెప్పించండి!"

ముద్దన గబగబా ముందుకు వచ్చి మెడ వంచి నిలబడ్డాడు.

"ప్రభూ, ముందు హారం మెడలో వేయండి. చాటింపు తర్వాత తీరిగ్గా వేయించుకుందాం."

ఉద్దండరాయలు సింహాసనం అదిరేలా నవ్వి, డప్పులు వచ్చేలోపే హారం అతడి మెడలో వేశాడు.